లెక్క తేలనివ్వని సభలు

మన శాసనసభల్లో ప్రభుత్వ బిల్లు ఓడిపోవడం అరుదైన వార్త. రెండు మూడు ఓట్ల తేడాతో గట్టెక్కిన బిల్లు పేరొకటి చెప్పమంటే, ప్రెస్‌ గ్యాలరీలోనే జుట్టు నెరిసిన విలేకరి కూడా తడుముకుంటాడు. పోటీ లేక కాదు. బలాబలాలు దగ్గరగా వచ్చిన ప్రతిసారీ పోటీ బిల్లు మంచిచెడుల మీది నుంచి జారి, అసలు తలలు లెక్కపెట్టాలా వద్దా అన్న చోటికి చేరుతుంది. బలం చాలని పక్షం ఓటింగ్‌ను తప్పించుకోవాలని చూడటంలో వింత లేదు. గెలిచే బలం ఉన్న పక్షం కూడా ఓటింగ్‌ వద్దనుకుంటుంది చూడండి, ఆలోచించాల్సింది దాని గురించి. ఆంధ్రప్రదేశ్‌ శాసనమండలిలో 2020 జనవరిలో జరిగింది అదే. జనానికి అది మూడు రాజధానుల గొడవగా గుర్తుండిపోయింది. రాజధాని అమరావతిలో ఉండాలా, విశాఖకు తరలాలా అన్న వాదంలో పడి, ఆ రోజుల్లో చట్టసభ పనితీరు గురించి బయటపడ్డ సంగతిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆ ఏడాది జనవరి 20న శాసనసభ ప్రత్యేకంగా సమావేశమైంది. మూడు రాజధానులకు దారి వేసే పాలనా వికేంద్రీకరణ బిల్లును బుగ్గన రాజేంద్రనాథ్‌, రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) చట్టం రద్దు బిల్లును బొత్స సత్యనారాయణ ప్రవేశపెట్టారు. 175 స్థానాల సభలో వైఎస్సార్‌సీపీవి 151. తెలుగుదేశం గెలిచింది 23. ఆ పార్టీ ఎమ్మెల్యేల్లో 17 మందిని ఆ రోజు సస్పెండ్‌ చేశారు. జనసేన ఏకైక సభ్యుడు రాపాక వరప్రసాద్‌ సైతం ప్రభుత్వానికే జై కొట్టారు. రాత్రికల్లా బిల్లులు ఆమోదం పొందాయి. దిగువ సభలో కథ అంతే. అక్కడ పోటీకి చోటెక్కడ!

మర్నాడు మండలిలో లెక్క తిరగబడింది. 58 మంది సభలో అధికార పక్షానికి ఉన్నది తొమ్మిది మందే. తెలుగుదేశం అందరికంటే పెద్ద పక్షం. ప్రతిపక్ష నేత స్థానంలో ఉన్నది యనమల రామకృష్ణుడు. ఒకప్పుడు స్పీకర్‌గా చేసిన మనిషి, ఏ నిబంధనను ఎప్పుడు బయటికి తీయాలో తెలిసిన మనిషి. బిల్లులు చర్చకు రాకముందే తెలుగుదేశం 71వ నిబంధన కింద నోటీసు ఇచ్చింది. ప్రభుత్వ విధానాన్ని సభ తిరస్కరిస్తోందని చెప్పే తీర్మానం అది. బిల్లులు ముందా, తీర్మానం ముందా అన్న వాదులాటలోనే పొద్దు గూకింది. చివరికి తీర్మానానికి ఓటింగ్‌ జరిగింది, తెలుగుదేశం నెగ్గింది. ఆ పార్టీ సభ్యులు ఇద్దరు, పోతుల సునీత, శివనాథరెడ్డి, విప్‌ను కాదని ప్రభుత్వం వైపు నిలబడ్డారు. డొక్కా మాణిక్య వరప్రసాద్‌ ఓటింగ్‌ దాకా ఆగలేదు. ఆ రోజే ఎమ్మెల్సీ పదవికి రాజీనామా చేశారు.

22వ తేదీన అసలు ఘట్టం. ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబు నాయుడు శాసనసభ్యుడే అయినా వచ్చి మండలి గ్యాలరీలో కూర్చున్నారు. కింద పోడియం చుట్టూ రభస. బిల్లులను సెలెక్ట్‌ కమిటీకి పంపాలని తెలుగుదేశం, నోటీసే సరిగా లేదు కాబట్టి పంపడం కుదరదని ప్రభుత్వం. రాత్రి పొద్దుపోయాక చైర్మన్‌ ఎం.ఎ. షరీఫ్‌ నిర్ణయం చెప్పారు. నిబంధనల పాటింపులో లోపం ఉందని ఒప్పుకుంటూనే, 154వ నిబంధన కింద తనకున్న విచక్షణాధికారంతో రెండు బిల్లులనూ సెలెక్ట్‌ కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించారు. సభ వాయిదా పడింది. బిల్లులపై గానీ, సెలెక్ట్‌ కమిటీకి పంపడంపై గానీ ఓటింగ్‌ జరగలేదు.

ఇక్కడే ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. ముందు రోజే తీర్మానంపై నెగ్గి తమ బలం నిరూపించుకున్న తెలుగుదేశం, బిల్లులను ఓటింగ్‌కు పెట్టించి ఎందుకు ఓడించలేదు? ‘మండలి తిరస్కరించింది’ అన్న మాటకు ఉండే బరువు ‘సెలెక్ట్‌ కమిటీకి వెళ్లింది’ అన్న మాటకు ఉండదు కదా?

జవాబు రాజ్యాంగం 197వ అధికరణంలో ఉంది. ద్రవ్య బిల్లు కాని మామూలు బిల్లును మండలి మూడు రకాలుగా అడ్డుకోగలదు. తిరస్కరించవచ్చు. శాసనసభ ఒప్పుకోని సవరణలు చేయవచ్చు. లేదా ఏమీ చేయకుండా తన దగ్గరే ఉంచుకోవచ్చు. ఏమీ చేయకపోతే, బిల్లు మండలి ముందుకు వచ్చిన నాటి నుంచి మూడు నెలలు దాటేదాకా శాసనసభ ఆగాలి. ఆ తర్వాతే బిల్లును మళ్లీ ఆమోదించి రెండోసారి పంపగలదు. రెండోసారి వచ్చిన బిల్లును మండలి ఒక నెలకు మించి ఆపలేదు. నెల దాటితే రెండు సభలూ ఆమోదించినట్టే లెక్క. పార్లమెంటులో లాగా ఉమ్మడి సమావేశం రాష్ట్రాల్లో లేదు. చివరి మాట శాసనసభదే.

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. మండలి బిల్లును నిక్కచ్చిగా తిరస్కరించిందనుకోండి. మూడు నెలలు ఆగాల్సిన పనే లేదు. శాసనసభ మర్నాడే దాన్ని మళ్లీ ఆమోదించి వెనక్కి పంపవచ్చు. మిగిలేది ఒక నెల. అంటే ధైర్యంగా ఓటేసి ఓడిస్తే నెల రోజుల ఆలస్యం, ఓటేయకుండా కూర్చుంటే నాలుగు నెలల ఆలస్యం. నిజాయతీగా ‘కాదు’ అన్న సభకు రాజ్యాంగం ఇచ్చే గడువు కంటే నోరు విప్పని సభకు ఇచ్చే గడువు నాలుగు రెట్లు. ఇక బలమున్న ప్రతిపక్షం మాత్రం ఓటింగ్‌ ఎందుకు కోరుకుంటుంది?

ఇది ఊహ కాదు, పక్క రాష్ట్రంలో రుజువైన సంగతి. 2024 ఫిబ్రవరిలో కర్ణాటక కాంగ్రెస్‌ ప్రభుత్వం దేవాదాయ చట్ట సవరణ బిల్లు తెచ్చింది. ఏటా కోటి రూపాయలకు మించి ఆదాయం ఉన్న ఆలయాల నుంచి 10 శాతం, పది లక్షల నుంచి కోటి లోపు ఉన్నవాటి నుంచి 5 శాతం ఉమ్మడి నిధికి తీసుకోవాలన్నది అందులో వివాదాస్పదమైన అంశం. మండలిలో బీజేపీ, జేడీఎస్‌లదే పైచేయి. 23వ తేదీన బిల్లు అక్కడ వీగిపోయింది. పత్రికలన్నీ ప్రభుత్వానికి చెంపపెట్టు అని రాశాయి. వారం తిరక్కుండానే, 29న, విధానసభ అదే బిల్లును మళ్లీ ఆమోదించింది. బెంగళూరులో ఓడించినవారికి దక్కింది ఆరు రోజులు. 2020లో అమరావతిలో ఓటేయకుండా ఆపినవారికి దక్కింది జనవరి 22 నుంచి, శాసనసభ ఆ బిల్లులను మళ్లీ ఆమోదించిన జూన్‌ 16 దాకా. ఏ తెలివైన ఫ్లోర్‌ లీడరైనా ఈ రెండు గడువులను పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఏ దారి పడతాడో చెప్పనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లోనే ఇంకో ఉదాహరణ ఉంది. ఆంగ్ల మాధ్యమానికి సంబంధించిన విద్యా చట్ట సవరణను మండలి మార్పులు సూచిస్తూ తిప్పిపంపితే, రాజధాని బిల్లుల గొడవ మధ్యలోనే, జనవరి 23న శాసనసభ దాన్ని మళ్లీ ఆమోదించి పని కానిచ్చేసింది.

అలాగని తప్పంతా ప్రతిపక్షం మీదికి నెట్టడం సరికాదు. సెలెక్ట్‌ కమిటీ వేయాలంటే సభలో తీర్మానం పెట్టి, ఓటింగ్‌ జరిపి తీరాలన్న వైఎస్సార్‌సీపీ వాదనలో పస ఉంది. కానీ ఆ ఓటింగ్‌ జరిగితే తాము ఓడిపోతామని వాళ్లకీ తెలుసు. ప్రభుత్వం పట్టుకున్నది నోటీసు లోపాన్ని, ప్రతిపక్షం పట్టుకున్నది చైర్మన్‌ విచక్షణను. ఓటు చేతిలో ఉన్నా దాన్ని వాడే ఉద్దేశం ఎవరికీ లేదు. ఆ తర్వాత కమిటీ ఏర్పాటు చేయమని చైర్మన్‌ ఆదేశిస్తే, అది నిబంధనలకు విరుద్ధమంటూ మండలి కార్యదర్శి ఫైలు వెనక్కి పంపారు. మళ్లీ ఆదేశిస్తే మళ్లీ పంపారు. సభాధ్యక్షుడి మాటను సభ ఉద్యోగి తిప్పికొట్టడం మామూలు విషయం కాదు. సెలెక్ట్‌ కమిటీ ఒక్కసారి కూడా కూర్చోలేదు. కూర్చుని ఉంటే, అమరావతి కోసం 29 గ్రామాల్లో 33 వేల ఎకరాలకు పైగా భూమిని సమీకరణకు ఇచ్చిన రైతులు, విశాఖ, కర్నూలు ప్రజలు తమ మాట చెప్పుకొనే చోటొకటి దొరికేది. సెలెక్ట్‌ కమిటీ ఉన్నదే అందుకు. ఇక్కడ మాత్రం దాన్ని గడియారం ఆపే బటన్‌లా వాడుకున్నారు.

ఈ మొత్తం వ్యవహారంలో శాసనసభ తలలు నికరంగా లెక్కపెట్టి, ఆ అంకెను సగర్వంగా ప్రకటించిన ఘట్టం ఒకటుంది. మండలి నిర్ణయంతో మండిపడిన ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి, ఏటా 60 కోట్లు ఖర్చయ్యే ఈ సభ అవసరమా అని శాసనసభలో అడిగారు. జనవరి 27న మండలి రద్దు తీర్మానం వచ్చింది. అనుకూలం 133, వ్యతిరేకం సున్నా. తెలుగుదేశం ఆ రోజు సభకే రాలేదు. 169వ అధికరణం ప్రకారం అలాంటి తీర్మానానికి మొత్తం సభ్యుల్లో సగానికి మించి, ఓటేసినవారిలో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. అందుకని లెక్కపెట్టక తప్పలేదు. ఎదుటి పక్షం లేని చోట, చట్టం బలవంతం చేసిన చోట మాత్రమే ఈ వ్యవహారంలో శాసనసభ నికరంగా లెక్క తేల్చింది.

మండలి ఉసురు తీయాలన్న కోరిక కొత్తది కాదు. 1958లో పుట్టిన మండలిని 1985లో ఎన్టీఆర్‌ ప్రభుత్వం రద్దు చేయించింది. ఆయన అధికారంలోకి వచ్చిన నాటికి మండలిలో ఆధిక్యం కాంగ్రెస్‌ది కావడమే దానికి మూలం. 2007లో వై.ఎస్‌. రాజశేఖరరెడ్డి హయాంలో అది మళ్లీ ప్రాణం పోసుకుంది. 2020లో తండ్రి తెచ్చిన సభను కొడుకు రద్దు చేస్తానన్నారు, ఎన్టీఆర్‌ వద్దనుకున్న సభలో ఆయన స్థాపించిన తెలుగుదేశం తలదాచుకుంది. 2021 నవంబరు నాటికి మండలిలో తమకే మెజారిటీ వచ్చింది కాబట్టి వైఎస్సార్‌సీపీ రద్దు తీర్మానాన్ని ఉపసంహరించుకుంది. ఇంతకు మించి వ్యాఖ్యానం అనవసరం.

2020 జూన్‌ ఘట్టం చూడండి, అది ఇంకా విడ్డూరం. శాసనసభ 16న బిల్లులను రెండోసారి ఆమోదించింది. 17న మండలి సమావేశమైంది. ద్రవ్య వినిమయ బిల్లు ముందు తీసుకోవాలని తెలుగుదేశం, రాజధాని బిల్లులు ముందు తీసుకోవాలని ప్రభుత్వం పట్టుబట్టాయి. తోపులాటల మధ్య, డిప్యూటీ చైర్మన్‌ రెడ్డి సుబ్రహ్మణ్యం అధ్యక్ష స్థానంలో ఉండగా సభ నిరవధికంగా వాయిదా పడింది. రాజధాని బిల్లుల సంగతి అటుంచి, ద్రవ్య వినిమయ బిల్లు కూడా ఆమోదం కాకుండానే మిగిలిపోయింది. ద్రవ్య బిల్లును మండలి 14 రోజులకు మించి ఆపలేదు, నిజమే. కానీ ఆ 14 రోజులు గడవాలి కదా. ఖజానా నుంచి డబ్బు తీయడానికి చట్టబద్ధమైన అనుమతి లేక, జూలై మొదట్లో ప్రభుత్వ ఉద్యోగుల జీతాలు, పింఛన్లు ఆలస్యమయ్యాయి. ఆ వారం ఏ పాలెంలోనో, ఏ పేటలోనో పింఛను కోసం బ్యాంకు మెట్లెక్కి, పాస్‌బుక్కు చేతబట్టుకుని వెనుదిరిగిన విశ్రాంత ఉపాధ్యాయుడికి 71వ నిబంధన తెలియదు, 154వ నిబంధన తెలియదు. ఎజెండాలో ఏ అంశం ముందు రావాలన్న పంతం తన జీవనాధారాన్ని ఆపిందని ఆయనకు ఎవరు చెప్పాలి?

ఇంతకూ 17న రాజధాని బిల్లులు మండలి ముందు పెట్టినట్టా, పెట్టనట్టా? పెట్టినట్టేనంది ప్రభుత్వం. అవి ఇంకా సెలెక్ట్‌ కమిటీ పరిధిలోనే ఉన్నాయంది ప్రతిపక్షం. నెల గడిచింది. ప్రభుత్వం బిల్లులను గవర్నర్‌కు పంపింది. జూలై 31న బిశ్వభూషణ్‌ హరిచందన్‌ ఆమోదముద్ర వేశారు. ఆగస్టు 4న హైకోర్టు యథాతథ స్థితి విధించింది. 2021 నవంబరులో ప్రభుత్వమే ఆ చట్టాలను వెనక్కి తీసుకుంది. రాజధానిని మార్చే చట్టం చేసే అధికారం రాష్ట్ర శాసనసభకు లేదని 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు చెప్పింది. మండలి సంపాదించిన ఐదారు నెలలు చరిత్రను మార్చాయా అంటే, అవి ఒక్కటే మార్చాయని చెప్పలేం. మధ్యలో కరోనా వచ్చింది, వ్యాజ్యాలు పేరుకున్నాయి. అయితే తొందరపాటుకు బ్రేకు వేయగల సభ ఒకటి ఉండటం మంచిదేనని నా అభిప్రాయం. నా అభ్యంతరం ఆలస్యం చేయడం మీద కాదు. ఆలస్యం చేసినవారు తమ పేరు చెప్పి, చెయ్యెత్తి ఆ పని చేయకపోవడం మీద.

పేరు చెప్పాల్సిన సభ్యుడు ఎక్కడికి పోయాడు? ఓటింగ్‌ రోజే రాజీనామా చేసిన డొక్కా, కొన్నాళ్లకు వైఎస్సార్‌సీపీలో చేరి, తన రాజీనామాతో ఖాళీ అయిన ఆ సీటుకే 2020 జూన్‌లో ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. పోతుల సునీత ఆ ఏడాది చివర్లో రాజీనామా చేసి, 2021 జనవరిలో అధికార పార్టీ తరఫున ఏకగ్రీవంగా తిరిగొచ్చారు. ఎమ్మెల్యేలు ఎన్నుకునే సీట్లు కనుక పార్టీ బలం ఉంటే చాలు, జనం గడప తొక్కాల్సిన పని లేదు. తప్పు వాళ్లిద్దరిదేనని అనను. ఉన్న దారిలో వాళ్లు నడిచారు.

దీనికి పూర్తి భిన్నమైన దారి కూడా ఈ గడ్డ మీదే కనిపించింది. 2011 డిసెంబరు 5న కిరణ్‌కుమార్‌రెడ్డి ప్రభుత్వంపై తెలుగుదేశం పెట్టిన అవిశ్వాస తీర్మానం 122–160 తేడాతో వీగిపోయింది. జగన్‌ వర్గానికి చెందిన 16 మంది కాంగ్రెస్‌ ఎమ్మెల్యేలు, ప్రజారాజ్యం నుంచి ఒకరు, విప్‌ను ధిక్కరించి ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. ఓడిపోతామని తెలిసే వేశారు. వాళ్లపై అనర్హత వేటు పడింది. ఆ 17 స్థానాలకు తిరుపతి తోడై, 2012 జూన్‌లో 18 చోట్ల ఉప ఎన్నికలు వచ్చాయి. 15 చోట్ల వైఎస్సార్‌సీపీ గెలిచింది. ఆ రాజకీయాలు ఎవరికి నచ్చినా నచ్చకపోయినా, సభలో లెక్క తేలింది, ఎవరు ఎటో తెలిసింది, తర్వాత ఓటరు ముందు పరీక్షా జరిగింది. అది బిల్లు కాదు, అవిశ్వాసం కాబట్టి లెక్క తప్పలేదంతే.

బిల్లుల విషయంలో సభ్యుడి నోరు కట్టేసింది పదో షెడ్యూలు. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక నిబంధనలు, పార్టీ విప్‌కు విరుద్ధంగా ఓటేసినా, గైర్హాజరైనా సభ్యత్వం పోతుందన్నాయి. పదిహేను రోజుల్లో పార్టీ క్షమిస్తే తప్ప. అవిశ్వాస తీర్మానానికీ, ఏ చిన్న సవరణ బిల్లుకూ ఇదే నియమం. కిహోటో హోల్లోహన్‌ కేసులో 1992లో సుప్రీంకోర్టు ఈ షెడ్యూలును సమర్థిస్తూనే ఒక హద్దు గీసింది. ప్రభుత్వ మనుగడకు, పార్టీ కీలక విధానాలకు సంబంధించిన ఓటింగ్‌లకే ఆ వేటు భయం పరిమితం కావాలంది. ముప్పై ఏళ్లు దాటాయి, పార్టీలేవీ ఆ హద్దును మన్నించిన దాఖలా లేదు. అన్నట్టు ఆ తీర్పే 3–2 తేడాతో వచ్చింది. ఏ న్యాయమూర్తి ఎటువైపు, ఎందుకు అన్నది ఈ రోజు ఎవరైనా తీసి చదువుకోవచ్చు. అదే మన శాసనసభలో గట్టిగా పోటీ జరిగిన ఒక బిల్లు మీద మన నియోజకవర్గం ఎమ్మెల్యే ఎటు ఓటేశాడో తెలుసుకుందామంటే, చాలాసార్లు రికార్డులో దొరికేది ‘ఆమోదించడమైనది’ అన్న మాటే.

కారణం మూజువాణి ఓటు. స్పీకర్‌ ప్రశ్న పెడతారు. అనుకూలురు అవునంటారు, వ్యతిరేకులు కాదంటారు. ఏ కేక పెద్దదో స్పీకర్‌ చెవి తేలుస్తుంది. రోజువారీ పనులకు ఈ పద్ధతిలో తప్పులేదు, వందల క్లాజులున్న బడ్జెట్‌ను ఒక్కోదానికి తలలు లెక్కపెట్టి నడపలేం. చిక్కు వచ్చేది సభ నిట్టనిలువునా చీలినప్పుడు. 2014 జనవరి 30న ఉమ్మడి రాష్ట్ర శాసనసభలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. రాష్ట్రపతి పంపిన పునర్వ్యవస్థీకరణ బిల్లుపై అభిప్రాయం చెప్పే గడువు ఆ రోజుతో ముగుస్తోంది. సభ్యులు రాసిచ్చిన సవరణలే తొమ్మిది వేలకు పైగా ఉన్నాయి. 294 నియోజకవర్గాల్లో సీమాంధ్రవి 175, తెలంగాణవి 119. బిల్లును తిప్పిపంపాలన్న ముఖ్యమంత్రి తీర్మానాన్ని స్పీకర్‌ నాదెండ్ల మనోహర్‌ గందరగోళం నడుమ మూజువాణి ఓటుతో నెగ్గినట్టు ప్రకటించారు. లెక్కపెట్టినా ఫలితం మారేది కాదేమో. మూడో అధికరణం ప్రకారం అది అభిప్రాయమే తప్ప, పార్లమెంటును కట్టిపడేసేదీ కాదు. కానీ తెలుగువారి చరిత్రలో అంత పెద్ద మలుపు దగ్గర, ప్రజలు ఎన్నుకున్న ఏ సభ్యుడు ఏమన్నాడో పేరుపేరునా తెలిపే ఓట్ల పట్టిక మనకు మిగల్లేదు. ప్రాంతం ఒకటి, పార్టీ ఇంకొకటి చెబుతున్న సభ్యులు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు. తలలు లెక్కపెట్టే డివిజన్‌ జరిగితే రెంటిలో ఒకదానికి ద్రోహం చేసినట్టు కాగితం మీద పడేది. కేకల్లో కలిసిపోవడం అందరికీ హాయిగా ఉంది.

కర్ణాటకలో ఇదే జబ్బు మరో రూపంలో కనబడుతుంది. మతమార్పిడి నిరోధక బిల్లును 2021 డిసెంబరులో విధానసభలో గెలిపించుకున్న బీజేపీ ప్రభుత్వం, మండలిలో బలం చాలదని తెలిసి అక్కడ పెట్టకుండానే ఆగిపోయింది. 2022 మేలో ఆర్డినెన్స్‌ తెచ్చింది. మండలిలో సీట్లు పెరిగాక సెప్టెంబరులో నింపాదిగా ఆమోదింపజేసుకుంది. ఓడిపోయే చోట బిల్లు పెట్టకపోవడం, గెలిచేదాకా ఆర్డినెన్స్‌తో నెట్టుకురావడం. రెండేళ్లకు దేవాలయాల బిల్లుతో కాంగ్రెస్‌ వెళ్లి అదే గోడకు కొట్టుకుంది. ఆంధ్రా, కర్ణాటకలతో పాటు తెలంగాణ, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్‌, బిహార్‌లలోనూ మండళ్లున్నాయి. రెండు సభల్లో రెండు వేర్వేరు మెజారిటీలు వచ్చే రోజు ఈ ఆరింటిలో ఎక్కడైనా రావచ్చు.

కోర్టులు చక్కదిద్దుతాయనుకుంటే, 212వ అధికరణం అడ్డుగా నిలుస్తుంది. సభలో పద్ధతి తప్పిందన్న కారణంతో సభావ్యవహారాలను న్యాయస్థానంలో ప్రశ్నించరాదు. ఆ గోడ ఉండటమే మంచిది. కాబట్టి మరమ్మతు లోపలి నుంచే జరగాలి. 208వ అధికరణం ప్రకారం ఏ సభ నిబంధనలు ఆ సభే రాసుకుంటుంది. బిల్లు తుది ఆమోదం దగ్గర పట్టుమని పదిమంది అడిగితే, సభాధ్యక్షుడి ఇష్టంతో పనిలేకుండా పేర్లతో సహా ఓట్లు నమోదు చేసి తీరాలన్న ఒక్క వాక్యం చేర్చడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. సెలెక్ట్‌ కమిటీకి పంపే నిర్ణయం సభ ఓటుతోనే జరగాలని, చైర్మన్‌ విచక్షణ అక్కడ చెల్లదని రాసుకోవడానికీ అడ్డులేదు. 197వ అధికరణంలోని మెలిక మాత్రం రాజ్యాంగ సవరణతోనే పోతుంది. తిరస్కరించిన బిల్లుకూ, కదలకుండా ఉంచిన బిల్లుకూ ఒకే గడువు పెడితే, ‘కాదు’ అని చెప్పడానికి వెనకాడే కారణం ఒకటి తగ్గుతుంది. పార్లమెంటుకు దీని మీద ఆసక్తి పుడుతుందన్న భ్రమ నాకు లేదు.

2024 జూన్‌లో శాసనసభలో తెలుగుదేశం కూటమికి 164 స్థానాలు వచ్చాయి, వైఎస్సార్‌సీపీకి 11. మండలిలో మాత్రం అప్పటికి మెజారిటీ వైఎస్సార్‌సీపీదే. నాలుగేళ్ల కిందటి ఆట, పాత్రలు మాత్రం తారుమారు. ఆనాడు సీఆర్‌డీఏ రద్దు బిల్లును ప్రవేశపెట్టిన బొత్స సత్యనారాయణ ఆ ఆగస్టులో మండలికి ఎన్నికై, అక్కడ ప్రతిపక్ష నేత అయ్యారు. వైఎస్సార్‌సీపీ ఎమ్మెల్సీలు కొందరు ఒకరి తర్వాత ఒకరుగా రాజీనామాలు ఇస్తే, చైర్మన్‌ మోషేన్‌రాజు వాటిని నెలల తరబడి ఆమోదించకుండా పక్కన పెట్టారు. వీరిలో పోతుల సునీత పేరు కూడా ఉంది. మళ్లీ అదే తంతు. రాజీనామాలు ఆమోదిస్తే ఒక లెక్క, ఆమోదించకపోతే ఇంకో లెక్క. ఏ బిల్లు మీదా ఎవరూ చెయ్యెత్తాల్సిన పని లేకుండానే మండలి బలాబలాలు చైర్మన్‌ గదిలోని ఫైలులో అటూ ఇటూ ఊగాయి. శాసనసభ నిబంధనలు మార్చగల బలం కూటమి చేతికొచ్చింది. మండలి నిబంధనలు మార్చగల బలం వైఎస్సార్‌సీపీ చేతిలో ఉండిపోయింది. 2020 జనవరిలో ఒకరు చైర్మన్‌ విచక్షణతో గాయపడ్డామన్నారు, ఇంకొకరు సస్పెన్షన్లతో గాయపడ్డామన్నారు. నిబంధనల కమిటీల్లో ఆ ఒక్క వాక్యాన్ని ప్రతిపాదించడానికి రెండు పక్షాలకూ సొంత అనుభవమే సరిపోతుంది.